చైనా మిల్లులో వేడినీళ్ల వరుస

కంప్యూటర్ ఉద్యోగమంటే రోజంతా తెరముందు కూర్చోవడమేనని అనుకునే పిల్లల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నా ఉద్యోగ జీవితం మొత్తంలో ఛాతీ విరుచుకుని చెప్పుకునే పని ఒక్కటే ఉంది. అది తెరముందు జరగలేదు. చైనాలో ఒక బట్టల మిల్లు కాలనీలో, చేతిలో ఫ్లాస్కు పట్టుకుని ఆడవాళ్ల వరుసలో నిలబడ్డప్పుడు జరిగింది.

తొంభైల చివరి రోజులవి. మాదాపూర్‌లో అప్పటికి ఒక పెద్ద గుండ్రటి భవనం, దాని చుట్టూ బండరాళ్లు, ఆ బండల మధ్య మాలాంటి చిన్నాచితకా కంపెనీలు ఉండేవి. మాది ఒక మేడ మీద సగం అంతస్తు. మిగతా సగంలో ఇంటి ఓనరు సిమెంటు బస్తాలు పెట్టుకున్నాడు. ఆ దుమ్ము మా కీబోర్డుల్లోకి, ఒక్కోసారి మా టిఫిన్ డబ్బాల్లోకి కూడా వచ్చేది. అంతకుముందు నేను హైదరాబాదులోనే ఒక ప్రభుత్వరంగ కర్మాగారంలో బాయిలర్ల ఇంజనీరుని. క్వార్టర్సు, క్యాంటీను, పొద్దున్నే సైరను, రిటైరైతే పెన్షను, అన్నీ అమరిన ఉద్యోగం. నలభై దాటాక దాన్ని వదిలిపెట్టి ఈ కంపెనీలో చేరాను. మా ఆవిడ ఆఫీసు చూడటానికి ఒకసారి వచ్చి, ఆ బస్తాల వంక చూసి, "పెన్షనొచ్చే కొలువు మానేసి రాళ్లలోకి వచ్చిన మనిషిని మిమ్మల్నొక్కరినే చూశాను" అంది.

మా సరుకు ఒక ప్రోగ్రాం. ఫ్యాక్టరీలో ఏ పూట ఎన్ని బాయిలర్లు మండించాలో, ఎప్పుడు మంట తగ్గించాలో అది చెబుతుంది. యంత్రాలకు కావలసినంత ఆవిరికి సరిపడా బొగ్గు మాత్రమే కాల్చమంటుంది. బాయిలర్ల సంగతి నాకు తెలుసు. ప్రోగ్రాం రాసింది బోరబండ నుంచి వచ్చే ఒక అమ్మాయి. వాళ్ల పెద్దలది కరీంనగర్ వైపు ఊరు. మాట కరుకు, పని మహా శుభ్రం. మా ఇద్దరి మీదా బాసు. ఆయనది కృష్ణా జిల్లా, నాకంటే వయసులో చిన్నవాడు, ఉన్నదంతా ఈ కంపెనీలో పోసినవాడు.

చైనా ఉత్తర ప్రాంతంలోని ఒక నూలు, అద్దకం మిల్లువాళ్లు మా ప్రోగ్రాం మీద ఆసక్తి చూపారు. అక్కడ ప్రభుత్వ మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతున్న కాలం అది. బొగ్గు ఖర్చు తగ్గించుకుంటే తప్ప మిల్లు నిలబడదని పైవాళ్లు వాళ్లకు హెచ్చరిక పంపారట. మా పరిస్థితీ అంతే. బాసు మా అందరినీ కూర్చోబెట్టి దాపరికం లేకుండా చెప్పాడు.

"ఈ ఆర్డరు దక్కితే ఇంకో ఏడాది బతుకుతామండీ. దక్కకపోతే ఇంటి ఓనరు ఈ సగంలో కూడా సిమెంటు పెట్టుకుంటాడు."

మిల్లు నుంచి ముగ్గురు మాదాపూర్ వచ్చారు. ఎండాకాలం కాబట్టి బాసు ఐసు ముక్కలు వేసిన కూల్ డ్రింకులు పెట్టించాడు. వాళ్లు గ్లాసులు చేత్తో పట్టుకుని, చిరునవ్వుతో మళ్లీ బల్ల మీద పెట్టేశారు. మా నీళ్ల మీద అనుమానం కాబోలనుకుని బాసు సీలు వేసిన నీళ్ల సీసాలు తెప్పించాడు. అవీ ఫ్రిజ్‌లోంచి తీసినవే. వాటినీ ముట్టుకోలేదు. చివరికి వాళ్లలో పెద్దాయన సంచీలోంచి టీ ఆకు వేసిన గాజు సీసా ఒకటి తీసి, మూత విప్పి మా అందరి వైపూ ఆశగా చూశాడు. మా ఆఫీసులో నీళ్లు కాచే సాధనమే లేదు. బండల వెనక టీ కొట్టు నుంచి మరిగిన నీళ్లు తెప్పించి పోసేసరికి ఆ పెద్దాయన ముఖం విప్పారింది. మేం తర్వాత దాని గురించి నవ్వుకున్నాం. నవ్వుకోవడంతో సరిపెట్టుకున్నాం.

చలి మొదలయ్యే వేళకు ట్రయల్ కోసం నన్ను అక్కడికి పంపారు. మిల్లు అంటే షెడ్లు, పొగగొట్టం ఉంటాయనుకుంటే, నేను దిగింది ఒక ఊళ్లో. ప్రహరీ లోపలే బడి, ఆసుపత్రి, వంటశాల, ముసలివాళ్లు చదరంగం ఆడుకునే గది, సినిమా హాలు. గోడల మీద పాత నినాదాల పెద్ద అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. కొన్నింటి మీద సున్నం కొట్టారు గానీ అక్షరాలు లోపల్నుంచి కనిపిస్తూనే ఉన్నాయి. మిల్లులో పుట్టి, మిల్లు బడిలో చదివి, మిల్లు అబ్బాయినే పెళ్లాడి, మిల్లు ఆసుపత్రిలో పిల్లల్ని కన్నవాళ్లు అక్కడ కోకొల్లలు. నేనూ కర్మాగారం క్వార్టర్సులో బతికినవాణ్ణే కాబట్టి నాకు చుట్టాలింటికి వచ్చినట్టే అనిపించింది.

నాకు దుబాసీగా ఒక అమ్మాయిని ఇచ్చారు. ఆ కాలనీలోనే పుట్టి, పట్నంలో ఇంగ్లీషు చదువుకుని వచ్చిన పిల్ల. నేను దేనివంక చూస్తే దాని గురించి చెప్పేది. ఎటు చూసినా క్యాబేజీలే. ఇళ్ల మెట్ల మీద, సైకిళ్ల మీద, కిటికీల కింద గుట్టలు గుట్టలు. చలికాలానికి సరిపడా ఇప్పుడే కొని జాడీల్లో ఊరవేస్తారట. పట్టపగలు ఉద్యోగాలు మాని మొగుడూ పెళ్లాలు క్యాబేజీలు మోస్తున్నారు. మనిళ్లలో ఆవకాయ రోజుల హడావిడి గుర్తొచ్చి నాకు ముచ్చటేసింది. సాయంత్రమైతే ముసలమ్మలు రంగు విసనకర్రలు పట్టుకుని డప్పుల చప్పుడుకు రోడ్డు మీదే నాట్యం చేసేవారు. కొత్త మనిషిని చూస్తే మొదట వయసు, తర్వాత జీతం అడిగేవారు. అందులోనూ మనవాళ్లకు తీసిపోరు.

భోజనాల దగ్గర మాత్రం చిక్కొచ్చింది. పెట్టినదాన్ని మిగల్చకుండా తినడం మన మర్యాద. పళ్లెం ఖాళీ అయితే అతిథికి సరిపోలేదని అర్థం చేసుకోవడం వాళ్ల మర్యాద. నేను ఖాళీ చేయడం, వాళ్లు నింపడం. కోడిగుడ్డు టమాటా కూర మూడోసారి పడ్డాక దుబాసీ అమ్మాయి నా చెవిలో, "కొంచెం వదిలేయండి సార్, వంటాయన కంగారు పడుతున్నాడు" అంది. కాస్త వదిలేశాను. వంటాయనా నేనూ ఇద్దరం బతికిపోయాం.

ఇంకో వింత మధ్యాహ్నం నిద్ర. పన్నెండు దాటగానే తిండి, తినగానే నిద్ర. గుమాస్తాలు బల్లల మీద తలవాల్చేవారు. అద్దకం విభాగం వాళ్లు బట్టల బేళ్ల మీద ఒరిగేవారు. పెద్దా చిన్నా తేడా లేదు. మిల్లంతా నిశ్శబ్దమైపోయేది. ఒక్క బాయిలర్ల వైపు నుంచి మాత్రం వాడేవాడు లేని ఆవిరి సేఫ్టీ వాల్వులోంచి బుసకొడుతూ ఆకాశంలోకి పోయేది. బాయిలర్ల మనిషిని కదా, ఆ చప్పుడు వింటే నాకు నిద్ర పట్టేది కాదు.

ట్రయల్ మొదలైన రోజు మధ్యాహ్నం దాకా అంతా సవ్యంగా నడిచింది. సాయంత్రం నాలుగింటికి అద్దకం పని ఆగగానే మా ప్రోగ్రాం రెండు బాయిలర్ల మంట తగ్గించమంది. తగ్గించారు. మిల్లు ఉప డైరెక్టరు గదిలో నేను తెర మీద బొగ్గు వాడకం గీత కిందికి దిగడం చూపిస్తూ మురిసిపోతున్నాను. ఆయన మితభాషి. ఆ గీత చూసి తల ఊపాడు. ఇంతలో కింద ఆవరణలో ఏదో అలికిడి. కిటికీ దగ్గరకు వెళ్లి చూశాం. ఆడవాళ్లు. వందల మంది. కొందరి చేతుల్లో పూల బొమ్మల ఫ్లాస్కులు, కొందరి చేతుల్లో సబ్బుపెట్టె, తువ్వాలు పెట్టుకున్న ప్లాస్టిక్ బేసిన్లు. ఎవరూ అరవడం లేదు. అలా తలెత్తి మా కిటికీ వైపు చూస్తున్నారు.

దుబాసీ అమ్మాయి కిందికి పరుగెత్తి, తిరిగొచ్చి నాతో మెల్లిగా చెప్పింది. "నీళ్ల గదిలో కుళాయి నుంచి గోరువెచ్చని నీళ్లొస్తున్నాయట. స్నానాల గదిలో చన్నీళ్లు."

అప్పుడు తెలిసింది సంగతి. అక్కడ ఇళ్లలో స్నానపు గదుల్లేవు, నీళ్లు కాచుకునే వీలూ తక్కువే. కాలనీ అంతటికీ ఒక వేడినీళ్ల గది, ఒక స్నానాల గది. రెండింటికీ ఆవిరి మిల్లు బాయిలర్ల నుంచే. మేం మాదాపూర్ నుంచి, ఆవిరి వాడే విభాగాలేవో చెప్పమని అడిగితే ప్లానింగు విభాగం వాళ్లు యంత్రాలున్న విభాగాలే చెప్పారు. స్నానాల గది సంక్షేమ విభాగం కిందికి వస్తుంది కాబట్టి వాళ్లు చెప్పలేదు. మంచినీళ్లు కూడా సలసలా కాగితేనే తాగే మనుషులుంటారని ఫ్రిజ్ నీళ్ల ఊరివాళ్లం మాకు తట్టలేదు. ముందురోజు దాకా ఎప్పుడూ నాలుగు బాయిలర్లూ మండుతూనే ఉండేవి కనుక ఎవరికీ ఆ మాట ఎత్తే అవసరం రాలేదు.

ఉప డైరెక్టరు కిటికీ దగ్గర నుంచి కదలకుండానే, "రేపటి నుంచి పాత పద్ధతే" అన్నాడు. శనివారం మిల్లు కమిటీ కూర్చుంటుందని, మా ప్రోగ్రాం సంగతి అక్కడ తేలుస్తారని చెప్పాడు. తేల్చడమంటే ఏమిటో ఆయన ముఖంలోనే కనిపించింది. నాకు సిమెంటు బస్తాలు కళ్లముందు మెదిలాయి. బాసు, బోరబండ అమ్మాయి, మా ఆవిడ, నేను వదిలేసిన పెన్షను, అన్నీ వరుసగా గుర్తొచ్చాయి.

మర్నాడు దుబాసీ అమ్మాయి వాళ్ల నాయనమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ మిల్లు కట్టిన రోజుల్లో వడికే విభాగంలో చేరి, అక్కడే రిటైరైన మనిషి. నాకు కోపం వస్తుందేమోనన్న బెరుకు లేకుండా ఎదురుగా కూర్చుని, కప్పులో వేడినీళ్లు పోసి ఇచ్చింది. ఆకు కూడా లేని ఉత్త నీళ్లు. చల్లారాక తాగుదామని పక్కన పెట్టాను. ఆవిడ దాన్ని మళ్లీ నా చేతిలో పెట్టింది.

"మా పల్లెలో చలికాలం స్నానం అనేదే లేదు" అంది ఆవిడ. మనవరాలు ఒక్కో మాటా ఇంగ్లీషులో చెబుతోంది. "పుల్లలు ఏరుకొచ్చి కుండెడు నీళ్లు కాచుకోవడానికే ఒక పూట పట్టేది. ఈ మిల్లు కట్టినప్పుడు యంత్రాలు ఇంకా రాలేదు, స్నానాల గది ముందే తెరిచారు. మొదటిరోజు ఆ వేడినీళ్ల కింద నిలబడి మేం ఆడపిల్లలందరం ఏడ్చాం. ఇకమీదట మేం కార్మికులం అని అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత కరువు ఏళ్లు వచ్చాయి. గిన్నెలో గింజలు వెతుక్కుని తిన్నాం. గొడవల ఏళ్లు వచ్చాయి. మగ్గాలు ఆగిపోయాయి. అప్పుడు కూడా నీళ్ల గది ఆగలేదు."

"మరి నిన్న మీరంతా ఎందుకు అరవలేదు?" అని అడిగాను. మన దగ్గరైతే బిందెలు మోగిపోయేవి.

"ఎవరి మీద అరుస్తాం? వీధి అవతలి మిల్లు మూతపడ్డప్పుడు మొదట ఆగింది స్నానాల గదే. తర్వాత నెలకు జీతాలు ఆగాయి. నిన్న కుళాయి తిప్పి చూడగానే మా మిల్లు కూడా మూతపడుతోందనుకున్నాం."

వాళ్లది చిరాకనుకున్నాను నేను. అది భయం. నేను గీత గీసి చూపించుకున్న పొదుపు వాళ్లకు చావుకబురులా చేరింది. ఆ కప్పులో నీళ్లు పొగలు కక్కుతుండగానే తాగేశాను. నాలుక చురుక్కుమంది.

ఆ మధ్యాహ్నమే మిల్లు ఆఫీసు నుంచి మాదాపూర్‌కు ఫోను చేశాను. బోరబండ అమ్మాయి లైనులోకి వచ్చింది. స్నానాల గదిని, నీళ్ల గదిని కూడా విభాగాలుగా చేర్చాలని, అద్దకం కంటే ముందు వాటి ఆర్డరే తీరాలని చెప్పాను. లోపల కొంచెం జంకుతూనే చెప్పాను.

"ఏంది సార్, తానాలకు గూడ ప్రొడక్షన్ ఆర్డరా?" అంది.

"నవ్వులాట కాదమ్మా" అని జరిగిందంతా చెప్పడం మొదలుపెట్టాను. సగం కూడా చెప్పనివ్వలేదు.

"సార్, మా బోరబండల నల్లా ఎప్పుడొస్తదో ఎవ్వరికి తెల్వది. ఆఫీసుల కూసున్నా నా పానం నల్లా కాడనే ఉంటది. గిది నాకు సమజ్ చేయించాల్నా?" అంది. తర్వాత, "నల్లా వచ్చినప్పుడే డ్రమ్ములు నింపి పెట్టుకుంటం గద సార్. రానప్పుడు వాడుకుంటం. ఆవిరి ఎక్కువున్నప్పుడే వాళ్లు నీళ్లు కాచి పెట్టుకోరాదా? ట్యాంకు లేదా వాళ్లకు?" అని అడిగింది.

నేను ఫోను పట్టుకుని కిటికీలోంచి బయటికి చూశాను. మిల్లు పడుకుని ఉంది. సేఫ్టీ వాల్వు బుసకొడుతోంది. స్నానాల గది కప్పు మీద పెద్ద ఇనప ట్యాంకు ఒకటి చలికి ముడుచుకుని కూర్చున్నట్టుంది. అన్నాళ్లుగా నేను విన్న బుసకు, చూసిన ట్యాంకుకు మధ్య ఉన్నది ఒక గొట్టం మాత్రమే. ఆ సంగతి నాకు మాదాపూర్ నుంచి ఒక బోరబండ పిల్ల చెప్పింది.

"ఉందమ్మా. ట్యాంకుంది. వీళ్లు మధ్యాహ్నం అందరూ నిద్రపోతారు. ఆ గంటన్నర ఆవిరంతా గాలికి పోతోంది."

"ఇంకేంది సార్. ఆ ఆవిరితోటి ట్యాంకు కాగుతది. సాయంత్రం ఒక్క నీళ్ల గదికి సరిపోను ఆవిరి ఉంటే చాలు. మీరు ఫికర్ చేయకుండ్రి, మార్చి మెయిల్ పంపిస్త."

ఉప డైరెక్టరు మొదట ఒప్పుకోలేదు. ఆ చలిలో సాయంత్రానికల్లా ట్యాంకు చల్లబడిపోతుందన్నాడు. దుబాసీ అమ్మాయి ఇంటికి వెళ్లి నాయనమ్మకు ఆ మాట చెప్పినట్టుంది. సాయంత్రం నేను చూసేసరికి స్నానాల గది కప్పు మీదికి నిచ్చెన వేసి ఉంది. మిల్లులో దొరికే దూది చెత్త, పాత బొంతలు, ఎవరి ఇంట్లోవో పూల దుప్పట్లు కూడా పైకి వెళుతున్నాయి. బాయిలర్లవాళ్లు గొట్టం అతుకుతున్నారు. కింద రిటైరైన ముసలమ్మలు బొంతలు కుట్టి అందిస్తున్నారు. కమిటీ ఏమంటుందోనని ఎవరూ ఆగలేదు. ట్యాంకు బొంతలు కప్పుకున్న చంటిపిల్లలా తయారైంది. ఉప డైరెక్టరు కింద నిలబడి చాలాసేపు చూసి, "శుక్రవారం ఇంకొక్కసారి నడపండి" అన్నాడు.

శుక్రవారం నేను కంప్యూటరు గదిలోకి పోలేదు. ఆ పని దుబాసీ అమ్మాయికి అప్పగించి, మధ్యాహ్నం బాయిలర్ల దగ్గర నిలబడ్డాను. మిల్లు నిద్రపోయింది. వాల్వు మాత్రం బుసకొట్టలేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను చెవులారా విన్నాను. నాలుగింటికి మంట తగ్గించారు. బాయిలరు మేస్త్రీ నా ముఖం వంక చూశాడు, నేను ఆయన ముఖం వంక చూశాను. ఇద్దరికీ ధైర్యం లేదు.

ఐదింటికి నా ఫ్లాస్కు పట్టుకుని వెళ్లి నీళ్ల గది ముందు వరుసలో నిలబడ్డాను. మగవాళ్లలో నేనొక్కణ్ణే అనుకున్నాను. వెనక్కి తిరిగితే ఉప డైరెక్టరు తన ఫ్లాస్కుతో ఉన్నాడు. రేపు కూడా నీళ్లొస్తాయన్న నమ్మకం ఎవరికీ లేదేమో, ఆ రోజు ప్రతివాళ్లూ ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ మోసుకొచ్చారు. నాయనమ్మ అందరికంటే ముందుంది. కుళాయి తిప్పింది. మొదట గొట్టంలోని చల్లనీళ్లు కాసిన్ని కారాయి. ఆ తర్వాత గొట్టం ఒకసారి ఊగి, నీళ్లతో పాటు తెల్లటి ఆవిరి బుస్సున లేచి ఆవిడ ముఖం కనపడకుండా కమ్మేసింది. ఆ ఆవిరిలోంచి ఆవిడ నవ్వు వినిపించింది. వరుస అంతా నవ్వింది. నా ఒళ్లు పులకరించింది. దాచుకోను, కళ్లలో నీళ్లు తిరిగాయి.

స్నానాల గది నుంచి డ్యూటీ దిగిన అమ్మాయిలు తడి జుట్టుతో, ఎర్రబడ్డ బుగ్గలతో బయటికి వస్తున్నారు. ఉప డైరెక్టరు వాళ్లలో ఒకమ్మాయిని ఆపి నీళ్లెలా ఉన్నాయని అడిగాడు. "కాలిపోతున్నాయి" అంది. ఆయన మొదటిసారి నా ముందు పళ్లు కనపడేలా నవ్వాడు. "రేపు కమిటీలో ఈమె మాటే చెబుతాను. గీతలు చూపించను" అన్నాడు. చెప్పినట్టే చేశాడు. సాయంత్రం స్నానాల భారం ట్యాంకు మీదికి పోయింది కాబట్టి, బొగ్గు మొదటి ట్రయల్లో కంటే కూడా ఎక్కువే మిగిలింది. శనివారం మధ్యాహ్నం అందరూ నిద్రకు వాలే ముందే సంతకాలయిపోయాయి. అంతే కాదు, ఆ పక్క ఊళ్లోని మరో మిల్లుకు కూడా మా పేరు చెప్పి పంపారు.

మాదాపూర్‌కు ఫోను కలిపేసరికి అక్కడింకా పొద్దున్నే. మొదటి మోతకే బాసు ఎత్తాడు. ఆ ఫోను పక్కనే కూర్చుని ఉన్నట్టున్నాడు.

"ఏమండీ, సంతకం అయిందాండీ?" అన్నాడు.

"అయింది" అన్నాను. ఫోను ఎవరి చేతిలోంచో ఎవరి చేతిలోకో మారింది. వెనక బల్లలు చరుస్తున్న చప్పుడు, ఎవరో ఈలలు వేయడం, సిమెంటు బస్తాలు కదిలిపోయేంత గోల. ఆ గోలలోంచి బోరబండ అమ్మాయి గొంతు వినిపించింది. ఆమె సంతకం సంగతి అడగలేదు.

"నీళ్లు కాగినయా సార్?"

నేను గుంటూరు జిల్లా మనిషిని. అన్నేళ్లు హైదరాబాదులో ఉన్నా ఆమె యాస ఏనాడూ నా నోట పలకలేదు. ఆ పొద్దు తనంతట తానే పలికింది.

"కాగినయ్ బిడ్డా. మస్తు కాగినయ్."